18 రౌండ్లు గెలిచినవాడికి రెండోస్థానం, 11 గెలిచినాయనకి కప్పు: ఒక డ్రాగ్ రేసింగ్ క్లబ్ పాయింట్ల కేసు

నేను హాబీ రేసింగ్ క్లబ్బులకి స్కోరింగ్ చూస్తుంటాను. టైమింగ్ గదిలో కూర్చుని స్లిప్పులు ఇవ్వడం దగ్గర్నుంచి సీజన్ చివర పట్టిక తయారుచెయ్యడం దాకా అన్నీ. జీతం రాదు, తిట్లు మాత్రం బాగానే వస్తాయి. ఇక్కడ రాస్తున్న క్లబ్ పేరు, ఊరు, మనుషుల పేర్లు తీసేశాను. ఎవరినీ గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాను, లెక్క మాత్రం చెడగొట్టలేదు. ఈ కేసే ఎందుకు రాస్తున్నానంటే, ఇందులో అన్నిటికన్నా పెద్ద తప్పు నాది, అదీ చాలా ధీమాగా చేసింది.

నేపథ్యం

ఒకటే క్లాసు, బ్రాకెట్ రేసింగ్. 660 అడుగుల ట్రాక్, అంటే మైలులో ఎనిమిదో వంతు. సీజన్‌కి 8 ఈవెంట్లు, మామూలుగా 25 నుంచి 28 కార్లు. డ్రాగ్ రేసింగ్ అంటే రెండు కార్లు పక్కపక్కన తిన్నగా పరిగెత్తే పందెం. బ్రాకెట్ తెలియనివాళ్లకి రెండు ముక్కలు: ప్రతి డ్రైవరూ తన కారు ఎన్ని సెకన్లలో పోతుందో ముందే చెప్పి అద్దం మీద రాసుకుంటాడు, దాన్నే డయల్-ఇన్ అంటాం. నెమ్మది కారుకి ఆ తేడా మేరకు ముందే పచ్చలైటు వెలుగుతుంది. ఇద్దరూ చెప్పిన టైమే పరిగెత్తితే లైటుకి ఎవరు త్వరగా కదిలారో వాళ్లదే గెలుపు. పచ్చలైటు రాకముందే కదిలితే రెడ్ లైట్, ఓడినట్టే. చెప్పినదానికంటే వేగంగా పోతే బ్రేకౌట్, ఎదుటివాడు కూడా తప్పు చేస్తే తప్ప అదీ ఓటమే. ఓడినవాడు సామాను సర్దుకోవడమే, గెలిచినవాడు తర్వాతి రౌండుకి.

అంటే కారు ఎంత గట్టిదన్నది ఇక్కడ పెద్దగా లెక్కలోకి రాదు. సెకనులో వందో వంతు, ఒక్కోసారి వెయ్యో వంతు తేడాతో రౌండు తేలిపోతుంది. ఈ సంగతి నాకు పదేళ్లుగా తెలుసు. అయినా పట్టిక తయారుచేసేటప్పుడు మర్చిపోయాను, అది తర్వాత చెప్తాను.

గొడవ ఎక్కడ మొదలైంది

నేను వెళ్లేసరికి వాళ్ల పట్టిక ఇలా ఉంది: ఈవెంట్‌కి వస్తే 50, గెలిచిన ప్రతి రౌండుకీ 10, ఈవెంట్ గెలిస్తే ఇంకో 10. 27 కార్లుంటే 27, 14, 7, 4, 2 అలా తగ్గుకుంటూ 5 రౌండ్లు. కాబట్టి ఈవెంట్ గెలిచినవాడికి 110, మొదటి రౌండులోనే రెడ్ లైట్ కొట్టి వెళ్లిపోయినవాడికి 50. మొత్తం గెలిచినవాడికీ ఏమీ గెలవనివాడికీ మధ్య తేడా రెండింతలు కొంచెం పైన, అంతే.

దీన్ని పెట్టినవాళ్లని తప్పుపట్టను. క్లబ్ కొత్తది, జనం రావాలి, వస్తే పాయింట్లు అన్నారు, జనం వచ్చారు. పట్టిక తన పని తను చేసింది. కాకపోతే ఆ పని అయిపోయాక కూడా దాన్ని ఎవరూ మార్చలేదు.

ఆ సీజన్‌లో ఒక పెద్దాయన 8 ఈవెంట్లకీ వచ్చారు, మొత్తం 11 రౌండ్లు గెలిచారు, ఈవెంట్ ఒక్కటీ గెలవలేదు. 400, 110 కలిపి 510. ఒక కుర్రాడు 6 ఈవెంట్లకే వచ్చాడు, ఒకసారి గేర్‌బాక్స్ పోయింది, ఒకసారి ఉద్యోగంలో సెలవు దొరకలేదు. వచ్చిన ఆరింటిలో రెండు గెలిచాడు, మొత్తం 18 రౌండ్లు. 300, 180, 20 కలిపి 500. కప్పు పెద్దాయనకి.

కుర్రాడు నా దగ్గరకొచ్చి అడిగింది ఒక్కటే: "అన్నా, నేను ఎక్కడ ఓడిపోయానో చెప్పు చాలు." ఓడిపోయింది గేర్‌బాక్స్ దగ్గర, సెలవు దగ్గర. ట్రాక్ మీద కాదు. పెద్దాయనకీ ఇబ్బందిగానే ఉంది, కప్పు పట్టుకుని ఫొటోకి నిలబడ్డప్పుడు ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది.

ఇది ఈ క్లబ్‌కి ఒక్కదానికే వచ్చిన చిక్కు కాదు. 2003లో అమెరికా స్టాక్ కార్ రేసింగ్ సిరీస్ నాస్కార్ టైటిల్ మ్యాట్ కెన్సెత్ ఒకే ఒక్క రేసు గెలిచి సాధించాడు. అదే ఏడాది 8 రేసులు గెలిచిన ర్యాన్ న్యూమన్ ఆరో స్థానంలో ఆగిపోయాడు. మరుసటి ఏడాదే వాళ్లు పద్ధతి మార్చి చివరి రేసులకి ప్లేఆఫ్ లాంటిది తెచ్చారు. మా కమిటీలో ఈ ఉదాహరణ తెలిసినవాళ్లు ఇద్దరున్నారు, మొదటి మీటింగ్‌లోనే ఎత్తారు.

మొదటి మందు, నాది

నేనిచ్చిన సలహా: హాజరు పాయింట్లు తీసెయ్యండి, స్థానాన్ని బట్టి ఇవ్వండి. గెలిస్తే 100, రన్నరప్‌కి 70, సెమీస్‌లో ఓడితే 50, దానికి ముందు రౌండులో ఓడితే 30, మిగతా అందరికీ 10. గెలుపుకి విలువ ఉండాలి అన్నది నా వాదన. కుర్రాడి ముఖం ఇంకా కళ్లముందు ఉంది కాబట్టి ఎవరూ అడ్డుచెప్పలేదు. ఒకే ఒక్క కేసుని చూసి, ఆ కేసుకి సరిపోయే పట్టిక రాశాం. ఇప్పుడు చూస్తే ఎంత తొందరపాటో.

ఐదు ఈవెంట్లు అయ్యేసరికి ఒకతను మూడు గెలిచాడు, మిగతా రెండింటిలో త్వరగా ఓడాడు. 320. రెండో స్థానంలో ఉన్నతను ఒక రన్నరప్, ఒక సెమీస్, రెండుసార్లు 30, ఒకసారి 10 కలిపి 190. తేడా 130. ఒక ఈవెంట్‌లో వచ్చే గరిష్ఠ పాయింట్లే 100. అంటే వెనకున్నవాడు వచ్చే ఈవెంట్ మొత్తం గెలిచి, ముందున్నవాడు అసలు రాకపోయినా తేడా మిగిలే ఉంటుంది. ఇంక జనం ఎందుకొస్తారు? ఆరో ఈవెంట్‌కి 19 కార్లు, ఏడుకి 16, చివరిదానికి 14. మొదటి ఈవెంట్‌కి 27 వచ్చాయి.

ఇంకో బొక్క కూడా బయటపడింది. అంతకుముందే కార్లు 12 మాత్రమే వచ్చిన రోజు ఒకటుంది. 12 నుంచి 6, 3, 2. నాలుగు రౌండ్లకే ఈవెంట్ అయిపోతుంది, మధ్యలో ముగ్గురే మిగిలారు కాబట్టి ఒకతనికి ఎదురు లేకుండా బై. అలాంటి రోజు ఒక్క రౌండు గెలిస్తే చివరి ఆరుగురిలో ఉంటాడు, 30 వస్తాయి. 27 కార్ల రోజు అదే 30 కి రెండు రౌండ్లు గెలవాలి. కష్టం సగం, పాయింట్లు అవే. "మీరు ఏ రోజు వస్తారన్నది చూసుకుని రావాలన్నమాట" అని ఒకావిడ దెప్పింది. ఆవిడ డ్రైవింగ్ ఎంత బాగుంటుందో నోరూ అంతే.

ఆరో ఈవెంట్ ముందు కమిటీ పట్టిక మార్చేద్దామంది. నేను ఒప్పుకోలేదు. సీజన్ మధ్యలో మారిస్తే ఎవరో ఒకరి పాయింట్లు తగ్గుతాయి, తగ్గినవాడు నిజంగా ఏ తప్పూ చెయ్యలేదు, ఉన్న రూల్స్ ప్రకారం ఆడాడు. చెడ్డ పట్టికతో సీజన్ పూర్తిచెయ్యడం బాధే గానీ, ఆట సగంలో గోల్‌పోస్టు జరిపిన క్లబ్‌ని ఆ తర్వాత ఎవరూ నమ్మరు. ఆ 14 కార్లతోనే ముగించాం. ఈ ఒక్క నిర్ణయం మీద నాకు ఇప్పటికీ అనుమానం లేదు.

ఎక్కడ తప్పాను

సీజన్ అయ్యాక కాగితం తీసుకుని మామూలు లెక్క వేశాను. ముందే వెయ్యాల్సింది. ఇద్దరు సమానమైన బ్రాకెట్ డ్రైవర్లు ఎదురుపడితే నాణెం ఎగరేసినట్టే. నూటికి 60 రౌండ్లు గెలిచే డ్రైవర్ అంటే చాలా మంచి డ్రైవర్. అతను ఒక ఈవెంట్ గెలవాలంటే 5 రౌండ్లు వరసగా నెగ్గాలి, అంటే 0.6 ని ఐదుసార్లు గుణించాలి. వచ్చేది 7.8 శాతం. 8 ఈవెంట్లకీ వస్తే కనీసం ఒక్కటైనా గెలిచే అవకాశం 48 శాతం దగ్గర. అంటే నిజంగా మంచి డ్రైవర్ కూడా సగం సీజన్లలో ఒక్క ఈవెంట్ కప్పూ లేకుండా ఇంటికెళ్తాడు. అతని తప్పేం లేదు, ఆట అలాంటిది.

అదే రౌండ్లు లెక్కపెట్టండి. నూటికి 60 గెలిచే అతనికి 8 ఈవెంట్లలో సగటున 11 రౌండ్లు వస్తాయి, నూటికి 50 గెలిచే మామూలు డ్రైవర్‌కి 8 కంటే కాస్త తక్కువ. తేడా కనిపిస్తోంది. ఈవెంట్ గెలుపుకి ఎక్కువ బరువు పెట్టినకొద్దీ మనం కొలుస్తున్నది అదృష్టాన్ని, రౌండు గెలుపుకి బరువు పెడితే కొలుస్తున్నది డ్రైవింగ్‌ని. మా పెద్దాయన ఆ సీజన్‌లో గెలిచినవి సరిగ్గా 11. అంటే ఆయన్ని ఊరికే హాజరు వేయించుకున్న మనిషిలా చూడటం కూడా తప్పే.

గ్రిడ్‌లో 20 మంది ఒకేసారి బయల్దేరే రేసులకి పెట్టిన స్థానాల పట్టికని, ఇద్దరిద్దరుగా ఓడి వెళ్లిపోయే ఆటకి తగిలించాను. అక్కడ ఏడో స్థానానికీ ఎనిమిదో స్థానానికీ అర్థం ఉంటుంది. ఇక్కడ ఏడో స్థానం అనేదే లేదు, రెండో రౌండులో ఓడినవాళ్లంతా ఒకటే.

పేర్లు లేని కార్డులు

రెండో ప్రయత్నంలో అంకెల జోలికి పోకుండా మొదలుపెట్టాం. అంతకుముందు జరిగిన ప్రతి మీటింగూ ఒకేలా సాగేది: ఎవరైనా ఒక అంకె చెప్పగానే మిగతావాళ్లు మనసులో "దీనివల్ల పోయినేడాది ఎవరికి లాభం" అని లెక్కేసుకునేవాళ్లు. అందుకని గడిచిన సీజన్ల ఫలితాలు తీసి, ఒక్కో డ్రైవర్ సీజన్‌ని ఒక్కో కార్డు మీద రాశాను, పేరు లేకుండా. "8 ఈవెంట్లు, 11 రౌండ్లు, ఈవెంట్ గెలుపు లేదు." "6 ఈవెంట్లు, 18 రౌండ్లు, 2 గెలుపులు." "4 ఈవెంట్లు, 13 రౌండ్లు, 2 గెలుపులు." ఇలా ఆరు కార్డులు. ఎనిమిది మందికి విడివిడిగా ఇచ్చి, ఏ సీజన్ గొప్పదో వరసలో పెట్టమన్నాను. ఎందుకు అని అడగలేదు.

18 రౌండ్ల కార్డుని ఎనిమిది మందీ పైన పెట్టారు. పెద్దాయన కూడా. 11 రౌండ్ల కార్డు తనదేనని ఆయనకి తెలిసిందో లేదో నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

అసలు పేచీ వచ్చింది 8 ఈవెంట్లు 11 రౌండ్ల కార్డుకీ, 4 ఈవెంట్లు 13 రౌండ్ల కార్డుకీ మధ్య. నలుగురు ఇటు, నలుగురు అటు. అప్పుడు చర్చ మొదలైంది, మొదటిసారి పనికొచ్చే చర్చ. నాలుగింటికే వచ్చి రెండు గెలవడం పెద్ద విషయమే, కానీ మేమిచ్చే కప్పు మీద "సీజన్ ఛాంపియన్" అని ఉంటుంది కదా, సగం సీజన్‌కి రాని మనిషికి అది ఇవ్వొచ్చా? గంటన్నర నడిచింది. చివరికి తేల్చింది: వీళ్లిద్దరూ దగ్గరదగ్గరగా ఉండాలి, మొత్తం సీజన్ వచ్చినవాడు ఒక్క వెంట్రుకవాసి పైన ఉండాలి. ఇప్పుడు అంకెలు వెతకడం తేలిక. ఏం కావాలో తెలిసింది కాబట్టి.

వద్దనుకున్నవి

ప్లేఆఫ్ అడిగినవాళ్లున్నారు. అమెరికా డ్రాగ్ రేసింగ్ సంఘం ఎన్‌హెచ్‌ఆర్‌ఏ 2007లో ప్రొఫెషనల్ క్లాసుల్లో కౌంట్‌డౌన్ పద్ధతి పెట్టింది, చివరి రేసుల ముందు పాయింట్లని దగ్గరకి లాగేసి మళ్లీ మొదలుపెట్టడం అన్నమాట. వాళ్లకి అది కుదురుతుంది, సీజన్ పొడవు, విడిభాగాలతో టీములు ఉంటాయి. మాకు 8 ఈవెంట్లలో చివరి రెండింటిని ప్లేఆఫ్ అంటే, ఆరు ఈవెంట్ల కష్టం ఒక్క రెడ్ లైట్‌తో పోతుంది. చివరి ఈవెంట్‌కి రెట్టింపు పాయింట్లు అన్నది కూడా అలాంటిదే. ఫార్ములా వన్ 2014లో అబుదాబీలో ఆ పని చేసి మరుసటి ఏడాదే తీసేసింది. చివరి రోజు ఉత్కంఠ కావాలని కృత్రిమంగా కారం చల్లితే, మొదటి రోజు రుచి పోతుంది.

చెత్త ఫలితాలు వదిలెయ్యడం, అంటే 8లో ఉత్తమమైన 6 లెక్కపెట్టడం మీద మాత్రం చాలాసేపు ఆలోచించాం. వ్యతిరేకించినవాళ్ల ఉదాహరణ 1988 ఫార్ములా వన్: ప్రోస్ట్ మొత్తం 105 పాయింట్లు, సెన్నా 94. కానీ 16 రేసుల్లో ఉత్తమమైన 11 మాత్రమే లెక్క, అలా చూస్తే సెన్నా 90, ప్రోస్ట్ 87. టైటిల్ సెన్నాకి. "ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు ఓడిపోవడం ఏంటి" అన్నారు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు: వాళ్లకి రేసింగే వృత్తి, మనవాళ్లకి పెళ్లిళ్లుంటాయి, జ్వరాలుంటాయి, గేర్‌బాక్సులు పోతాయి. రెండు రోజులు పోయినంత మాత్రాన సీజన్ పోకూడదు.

కానీ హాజరుతో సహా మొత్తం వదిలేస్తే ఇంకో చిక్కు, ఎనిమిదింటికీ వచ్చినవాడి ఆఖరి రెండు రోజులకి విలువే ఉండదు. కాసేపు తల పట్టుకున్నాక దారి దొరికింది: రౌండ్ల పాయింట్లకి ఉత్తమమైన 6, హాజరు పాయింట్లు మాత్రం అన్నిటికీ.

నిలబడిన పట్టిక

తనిఖీ దాటి మొదటి రౌండుకి లైన్ దగ్గర స్టేజ్ చేస్తే, అంటే బయల్దేరడానికి సిద్ధంగా కారు నిలబెడితే, 10. గెలిచిన ప్రతి రౌండుకీ 10. ఈవెంట్ గెలిస్తే 5. రౌండ్లూ గెలుపు బోనస్సూ ఉత్తమమైన 6 ఈవెంట్లవి, హాజరు 8కి 8.

పెద్దాయన సీజన్‌ని ఇందులో పెడితే, ఆయన వదిలేసే రెండు రోజుల్లో ఎలాగూ ఒక్క రౌండూ గెలవలేదు కాబట్టి 80, 110 కలిపి 190. కుర్రాడికి 60, 180, 10 కలిపి 250. నాలుగు ఈవెంట్ల మనిషికి 40, 130, 10 కలిపి 180. కార్డుల వరస సరిగ్గా వచ్చింది, వెంట్రుకవాసితో సహా. నన్ను తలదించుకునేలా చేసిన ఆ రెండో సీజన్‌ని కూడా ఇందులో పోసి చూశాను. ఐదు ఈవెంట్ల తర్వాత 130 ఉన్న తేడా 65 అయింది, ఒక ఈవెంట్‌లో గరిష్ఠంగా వచ్చేదీ 65 పాయింట్లే. వెనకున్నవాడికి ఇంకా బండి ఎక్కించుకుని రావడానికి కారణం ఉంది.

గెలుపుకి 5 ఏనా అని అడిగారు. ఫైనల్‌లో ఎక్కువ పాయింట్లు పెడితే స్నేహితుడికి వదిలేసే ఆశ కూడా పెరుగుతుంది, బ్రాకెట్‌లో వదిలెయ్యడం ఎంత తేలికో మనందరికీ తెలుసు, చివర్లో బ్రేక్ కాస్త గట్టిగా తొక్కితే చాలు. పైగా మిగతావన్నీ పదులు కాబట్టి ఈ 5 వల్ల సమానమయ్యే జంటలు తగ్గుతాయి. అప్పటికీ సమానమైతే ముందు ఈవెంట్ గెలుపులు, తర్వాత ఫైనల్స్, తర్వాత ఇద్దరూ ఎదురుపడ్డప్పటి ఫలితం. సగటు రియాక్షన్ టైము పెడదామని ఒకరన్నారు, డిలే బాక్స్ (డ్రైవర్ బటన్ వదిలాక ముందే పెట్టుకున్నంతసేపు ఆగి కారుని కదిలించే పరికరం) ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ అందులో పోల్చలేం కాబట్టి వద్దన్నాం.

చిన్న రూల్స్ దగ్గరే ఎక్కువ టైము పట్టింది, గొడవలు కూడా ఎక్కువగా అక్కడే పుడతాయి. బై వచ్చినవాడికి రౌండు పాయింట్లు ఇవ్వాలా? కారు సొంతంగా లైన్ దాకా వచ్చి, స్టేజ్ చేసి, పచ్చలైటుకి కదిలితే ఇస్తాం. తోసుకుంటూ తెస్తే ఇవ్వం. మొదటి రౌండులో ఓడి డబ్బు కట్టి మళ్లీ దూరినవాడికి, అంటే బైబ్యాక్, ఆ తిరిగి ఆడిన రౌండుకి సున్నా, అక్కడినుంచి మామూలే. లేకపోతే రెండో ప్రాణం కొనుక్కున్నవాడికీ గెలిచినవాడికీ ఒకటే పాయింట్లవుతాయి. రెండు కార్లతో వచ్చేవాళ్లు ఏ కారుకి పాయింట్లో మొదటి రౌండుకి ముందే రాసివ్వాలి. మోసం చేసి దొరికితే వచ్చే సున్నాని వదిలేసే రెండింటిలో కలపకూడదు. ఈ చివరిది రాయడం దాదాపు మర్చిపోయాం.

పట్టికలో రెండు నిలువు వరసలు పెట్టాను, మొత్తం ఎంత, లెక్కలోకి వచ్చేది ఎంత. ఒక్కటే చూపిస్తే ప్రతి సోమవారం ఫోన్లు.

పెట్టాక ఏమైంది

మూడో సీజన్ చివరి ఈవెంట్‌కి 22 కార్లు వచ్చాయి, ఆ ఉదయం టైటిల్ గెలిచే అవకాశం ఐదుగురికి ఉంది. ఇదంతా పట్టిక గొప్పతనమే అనను, ఆ ఏడాది ఎవరూ వరసగా గెలవకపోవడం కూడా కలిసొచ్చింది. ఇంకోసారి ఇలాంటి పని వస్తే పాత ఫలితాలు, పేర్లు లేని కార్డులు, ఆ తర్వాతే అంకెలు, ఈ వరసలోనే చేస్తాను. కనీసం రెండు సీజన్ల ఫలితాలు లేకుండా ఏ పట్టికనీ సిఫార్సు చెయ్యను, ఒక్క సీజన్‌లో ఎప్పుడూ ఒక కుర్రాడి ముఖమే కనిపిస్తుంది.

అన్నీ రాశామనుకున్నాం గానీ, వాన గురించి రాయలేదు. నాలుగో ఈవెంట్‌లో మూడో రౌండు సగంలో ఉండగా వాన మొదలైంది. ఏడు కార్లలో రెండు జంటలు పరిగెత్తేశాయి, ఒక జంటా, బై కారూ మిగిలాయి. వాన ఆగలేదు. పూర్తయిన రౌండ్లకే పాయింట్లని అక్కడికక్కడే తేల్చాను, ఎందుకంటే మిగిలినవాళ్లకి అవకాశమే రాలేదు. ఆ రౌండు గెలిచిన ఇద్దరికీ చెరో 10 పోయాయి. తడిసిన చొక్కాతో ఒకతను టైమ్ స్లిప్ తెచ్చి నా బల్ల మీద పెట్టాడు, "సార్, ఇది గెలిచినట్టే కదా రాసుంది?" అన్నాడు. అలాగే రాసుంది. సీజన్ చివర అతను 5 పాయింట్ల తేడాతో రెండో స్థానం పోగొట్టుకున్నాడు.

నాలుగో సీజన్ రూల్స్‌లో వాన గురించి ఒక పేరా చేరింది: ఆగిపోయేలోపు గెలిచిన రౌండు గెలిచినట్టే, ఆ రౌండులో పరిగెత్తనివాళ్లకి చెరో 5. ఇది సరైనదేనా అంటే, పరిగెత్తి ఓడినవాడికి సున్నా, పరిగెత్తనివాడికి 5 అవుతుంది, దాని మీద మళ్లీ ఎవరో ఒకరు నా బల్ల దగ్గరకి వస్తారు. ప్రస్తుతానికి ఆ పేరా అలాగే ఉంది.